అవుటర్ల

పెండ్యాల దాటిన బండి
కాజీపేట కనవడంగనే ఆగిపోతది సూడుండ్రి,
దీపాలు కనవడ్తయి, రైల్వే క్వార్టర్లు కనవడ్తయి,
సంచులు భుజానేస్కొని జనం తలుపుకాడికొస్తరు,
బండి మాత్రం కదలది.
నా పేరు గూడ గట్లనే.
'ప' కాడ ఆగుతది.

పర్శరాములు.
రాసుడైతే అల్కనే.
అవ్వ మొక్కుకొని పెట్టిందట,
ఇంకో దేవునికి మొక్కుకున్నా బాగుండు.

హన్మకొండ చౌరస్తాల బట్టల దుకాణం.
సేటు అడిగింది ఒక్కటే ముచ్చట, "పేరేంది?"
పెదవులు మూసుకున్నయి, తెరుసుకోలే.
ఆయన గోడ గడియారం దిక్కు సూశిండు,
చీర మడతవెట్టే పిల్ల చెయ్యి ఆపి నా మూతి దిక్కు సూశింది.
"నీ పేరే నీకు తెల్వదా బిడ్డా?"
అందరు నవ్విండ్రు.
నేన్ గూడ నవ్విన.
ఆళ్ల నవ్వు మర్శిపోయిన గని
నాదే ఇంకా కడుపుల తిరుగుతది.

సుబేదారి కొరియర్ ఆఫీసుల పేరు కాయిదం మీద రాసిచ్చిన.
చేతిరాత మంచిగున్నదన్నరు.
"గని ఫోన్లు మాట్లాడాలె గద తమ్మీ" అన్నరు.

మూడోదానికి వోలే.
గేటు దాక వోయిన,
వాచ్‌మన్ ఏం పని అని అడుగుతడేమోనని
ఎన్కకు మర్రి, వడ్డేపల్లి చెరువు కట్టపొంటి
నడుసుకుంట ఇంటికొచ్చిన.
"ఖాళీ లేదన్నరు" అని స్వరూపకు చెప్పిన.
అబద్ధం మాత్రం
ఒక్క నత్తి లేకుండ వచ్చింది.

కేటరింగ్ గౌస్‌భాయ్ పేరడగలే.
కెటిల్ చేతులవెట్టి "అరువు" అన్నడు.
'చ' గూడ 'ప'కు చుట్టమే.
మొదటి దినం ఆరు కప్పులు.
మిగిలిన ఛాయ్ సల్లారి, మీగడ గట్టి,
నన్నే సూసుకుంట కూసున్నది.

రాత్రి యార్డుల బొగ్గు బండి ఆగి ఉంటది.
యాభై ఎనిమిది డబ్బాలు, లెక్కవెట్టిన.
ఒక్కోదాని ముంగట నిలవడి ఒక్కోసారి: ఛాయ్.
బొగ్గు నవ్వది. గడియారం సూడది.
పందొమ్మిదో డబ్బకాడ సాఫుగ వచ్చింది!
ఉరికి ఇరవయ్యోదానికి చెప్పబోతె
మల్ల ఆగింది.
గ్యాంగ్‌మన్ ఓదెలు టార్చి ఏశిండు:
"ఎవనితోనిరా ముచ్చట?"
"బొ... బొ... బొగ్గుతోని."
ఆయన ఏమనలే.
టార్చి ఆర్పి, పట్టాలు దాటి పోయిండు.

పొద్దటి ప్యాసింజరు, మూడో డబ్బ.
కిటికీకాడి పోరడు నా లెక్కనే 'చ చ చ' అన్నడు.
డబ్బంత నవ్వు.
తల్లి గబుక్కున వాని మూతి మూసింది.
మూత మూసిన నోరు లోపటెట్లుంటదో నాకెరుక.
"వద్దు తల్లీ, మూయకు" అందామనుకున్న,
గదీ రాలే.
నాలుగు కప్పులు వోశి దిగిన.

మర్నాడు గదే డబ్బ ఎక్కిన.
జనం వేరే.
గని నిన్నటి నవ్వు
సీటు కిందనే ఉన్నట్టనిపిచ్చింది.
చెయ్యి వణికి ఛాయ్ ఏళ్ల మీద వడ్డది,
కాలినంక అరుపు దానంతటదే వచ్చింది.
ఛాయ్ అని కాదు లే. "అవ్వా" అని.
ఓ ముసలాయన ఏళ్ల మీద నీళ్లు వోశి
"రెండియ్యి" అన్నడు.

మంగళవారం మల్లొక ఇంటర్వ్యూ.
మడికొండ గోదాంల లెక్కలు రాసే పని.
స్వరూప అంగీ ఇస్త్రీ చేసి మొలకు తగిలిచ్చింది,
దాన్ని సూస్తేనే నాకు గొంతు ఎండుతున్నది.
పేరడుగుతరు.
'ప' కాడ ఆగుతది.
గడియారం సూస్తె సూడనియ్యి,
ఈసారి ఆళ్లతోని కలిసి నేన్ నవ్వను.

అవుటర్ల బండి ఆగితె
దిగి, కంకర మీద నడిశిపోయేటోళ్లు కొందరుంటరు.
నేన్ గూడ ఒకసారి గట్ల నడిశినోన్నే.
ఇప్పుడు కూసుంట.

జర ఆగుండ్రి సారూ,
ఇది కాజీపేట.
ఢిల్లీకి వోయే బండే
ఆగుతదిక్కడ.